వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. పక్కింటివాళ్ళ గురించి అనుకున్నప్పుడు ఆ మాటకి నవ్వుకోవచ్చు. కొమ్ములొచ్చింది కట్టుకున్న భార్యకైతే, చెవుల దగ్గరే ఆగిపోయిన మొగుడికి నవ్వెలా వస్తుంది? వర్లిన్ కాంబ్స్‌కి రాలేదు. ఏడుపే వచ్చింది, అదీ లోపల్లోపల.

అసలు కాలేజీకి వెళ్ళాలన్న ఆలోచన అతనిదే. కెంటకీ కొండల మధ్య బొగ్గు గనులు ఒక్కొక్కటే మూతపడ్డాక, పోలీసు ఉద్యోగమే పెద్ద ఉద్యోగమైపోయిన చిన్న కౌంటీ అది. అక్కడ షెరీఫ్ కింద డిప్యూటీగా అతనిది ఇరవై ఏళ్ళ సర్వీసు. దొంగసారా కాచినవాళ్ళ మనవల దగ్గర్నుంచి మత్తుబిళ్ళలు అమ్మేవాళ్ళ దాకా అందరూ అతనికి తెలుసు, అతను వాళ్ళందరికీ తెలుసు. అలాంటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ఇకమీదట లెఫ్టినెంటు కావాలంటే క్రిమినల్ జస్టిస్‌లో డిగ్రీ ఉండాల్సిందేనని ఎన్నికల్లో కొత్తగా గెలిచిన షెరీఫ్ చెప్పేశాడు. లెఫ్టినెంటు కుర్చీ మీద వర్లిన్ కన్నేసి ఎన్నేళ్ళయిందో షెరీఫ్‌కేం తెలుసు?

కాలేజీలో ఏ చదువుకి ఏం కావాలో చెప్పడానికి ఫ్యూగేట్ అనే ఆవిడ ఉంది. డిగ్రీలో నేరుగా చేర్చుకోరని ఆవిడ చెప్పింది. ముందు జనరల్ ఎడ్యుకేషన్ సబ్జెక్టులన్నీ గట్టెక్కాలి. ఇంగ్లీషు వ్యాసాలు రాయాలి, నలుగురి ముందు నిలబడి ఉపన్యాసం ఇవ్వాలి, చరిత్ర చదవాలి, తత్వశాస్త్రం చదవాలి, స్టాటిస్టిక్స్ లెక్కలు చెయ్యాలి, ల్యాబ్‌తో సహా బయాలజీ పూర్తి చెయ్యాలి. ఆ మార్కుల సగటు బాగుంటే అప్పుడు దరఖాస్తు, ఇంటర్వ్యూ. సాయంత్రాలు యూనివర్సిటీ వాళ్ళు కొండెక్కి వచ్చి చెప్పే క్లాసు కాబట్టి సీట్లు కొన్నే.

"నేను దొంగల్ని పట్టుకునేవాణ్ణండీ. కప్పని కోసి ఏం చేసుకోను?" అన్నాడు వర్లిన్.

"కోసేది కప్పని కాదు లెండి, పంది పిల్లని," అంది ఆవిడ తొణక్కుండా.

ఆ రోజు ఇంటికొచ్చి భార్యతో చెప్పుకుని మొత్తుకున్నాడు. భార్య జెనీవా కూడా అదే షెరీఫ్ ఆఫీసులో, కంట్రోల్ రూములో పని చేస్తుంది. ఎవరింట్లో ఏ గొడవ జరిగినా ముందు మోగేది ఆమె ముందున్న ఫోనే. ఆ కబురు వైర్‌లెస్ సెట్లో డిప్యూటీలకి చేరేది ఆమె గొంతుతోనే. కాలేజీ దాకా పాములా మెలికలు తిరిగే దారి, ఒక్కణ్ణీ వెళ్తే నిద్రొస్తుంది, నువ్వూ చేరు, నా పక్కన ఊరికే కూర్చుందువు గాని అన్నాడు వర్లిన్. నాకెందుకు ఈ వయసులో అని ఆమె రెండు రోజులు నసిగింది. చివరికి సరే అంది. ఏకు మేకవడం అలా మొదలైంది.

మొదటి దెబ్బ ఇంగ్లీషు క్లాసులోనే తగిలింది. జీవితంలో మరపురాని రోజు గురించి రాయమన్నాడు మేష్టారు. ఇరవై ఏళ్ళు రిపోర్టులు రాసిన చెయ్యి కదా, వర్లిన్ తన పెళ్ళి గురించి ఇలా రాశాడు: "సదరు తేదీన ఉదయం సుమారు పదకొండు గంటల సమయమున స్థానిక బాప్టిస్టు చర్చి ఆవరణలో జెనీవా అను మహిళను వివాహమాడడమైనది. సదరు మహిళ తెల్లని దుస్తులు ధరించియున్నది. ఎటువంటి అవాంఛనీయ సంఘటనలు చోటు చేసుకొనలేదు."

మేష్టారు మంచివాడే. ఎగతాళికి కాదు, రిపోర్టుకీ వ్యాసానికీ తేడా చూపిద్దామని పైకి చదివాడు. క్లాసంతా గొల్లుమంది. సదరు మహిళ కూడా కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. వర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. తను రాసిందాంట్లో తప్పేముందో అతనికి ఇప్పటికీ అర్థం కాలేదు. నిజంగానే అవాంఛనీయమైనదేదీ జరగలేదు మరి.

ఆ తర్వాత జెనీవా రాసింది చదివాడు మేష్టారు. ఫోన్లో ఏడ్చే మనుషుల గురించి రాసిందామె. ఆ కథలన్నీ మొదలైనప్పుడు తనకే వినిపిస్తాయనీ, డిప్యూటీలు చేరగానే ఫోన్ పెట్టేస్తారు కాబట్టి ఏ కథ ఎలా ముగిసిందో తనకి తెలియదనీ రాసింది. బతికాడో పోయాడో తెలియని వాళ్ళు తన తల నిండా ఉన్నారని రాసింది. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. వెనక బెంచీలో ఎవరో ముక్కు చీదుకున్నారు. వర్లిన్ మాత్రం, ఇరవై ఏళ్ళుగా నా పక్కన పడుకుని ఇది నాతో ఎప్పుడూ అనలేదే అనుకున్నాడు. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది: ఇంత బాగా రాయడం ఎప్పుడు నేర్చుకుంది? మొదటిది బాధ, రెండోది అసూయ. మొదటిది ఆ సాయంత్రానికే పోయింది. రెండోది ఇంటికి వచ్చి, అతనితో పాటు మంచమెక్కింది.

ఇక ట్రేస్ నేపియర్ సంగతి. పాతికేళ్ళ కుర్రాడు, కొత్త డిప్యూటీ, వర్లిన్ దగ్గరే పని నేర్చుకున్నాడు. 'సార్' అనకుండా మాట మొదలుపెట్టడు. అతనూ ఆ డిగ్రీ కోసమే అదే క్లాసుల్లో చేరాడు. బయాలజీ ల్యాబులో ఇద్దరిద్దరు జట్టు కట్టాల్సిన రోజున వర్లిన్ కోర్టులో సాక్ష్యం చెప్పే పని మీద ఉండిపోయాడు. మర్నాటి క్లాసుకి వచ్చేసరికి జెనీవా, ట్రేస్ ఒకే పళ్ళెంలో పంది పిల్లని పెట్టుకుని, తలలు దగ్గరగా వంచి గుండె ఎక్కడుందో వెతుక్కుంటున్నారు. వర్లిన్‌కి జట్టుగా మిగిలింది రిటైరైన బస్సు డ్రైవరు. ఆయనకి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి.

అనుమానపడేంత తెలివితక్కువవాడు కాదు వర్లిన్. వాళ్ళిద్దరి మధ్యా ఏమీ లేదని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు మండకుండా ఉంటుందా? ల్యాబులో మంచి మార్కులొచ్చినప్పుడు వాళ్ళిద్దరూ అరచేతులు చరుచుకుంటారు. స్టాటిస్టిక్స్ అర్థం కాకపోతే ట్రేస్ ఆమెని అడుగుతాడు. వర్లిన్‌కీ అర్థం కాదు, కానీ అతను అడగడు. భార్యని అడిగి లెక్కలు నేర్చుకునే కంటే తప్పడమే మేలనుకునే జాతి అతనిది. తప్పడమైతే తప్పలేదు గానీ, మార్కులు మాత్రం అట్టడుగున వచ్చాయి.

అప్పటి నుంచీ సెట్లో ఆమె గొంతు వినే తీరు మారిపోయింది. ఒకప్పుడు కారులో ఒంటరిగా కొండల్లో తిరుగుతుంటే ఆ గొంతే అతనికి ఇంటి దీపం. ఇప్పుడతను నేరస్థుడి మాట వింటున్నట్టు చెవులు రిక్కించి వింటున్నాడు. తనని సెట్లో తన నంబరుతో 'సిక్స్' అని పిలిచినప్పుడు గొంతు ఎలా ఉంది, ట్రేస్‌ని 'లెవెన్' అని పిలిచినప్పుడు ఎలా ఉంది? లెవెన్‌లో ఒక పిసరు తీపి ఎక్కువ ఉందా? వింటే ఉన్నట్టే ఉండేది. అసూయకి చెవులిస్తే అది వినదలుచుకున్నదే వింటుంది.

ముగ్గురూ డిగ్రీకి దరఖాస్తు పెట్టారు, వేసవి మొదట్లో కాలేజీ నుంచి ఫలితాలు వచ్చాయి. జెనీవాకి డిగ్రీలో సీటు వచ్చింది. ట్రేస్‌కి కూడా వచ్చింది, కానీ జబ్బు పడి స్టాటిస్టిక్స్ పరీక్ష రాయలేకపోయాడు కాబట్టి క్లాసులు మొదలయ్యేలోగా అది రాసి గట్టెక్కాలని షరతు పెట్టారు. వర్లిన్‌కి రాలేదు. సగటు మార్కులు అర్హతకి సరిపోయాయి గానీ సీట్లు నిండిపోయాయి. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు మీదేనని, ఎవరైనా తప్పుకుంటే పిలుస్తామని ఫ్యూగేట్ ఓదార్పుగా చెప్పింది. ఎవరైనా తప్పుకుంటే అన్న ఆ మాటని వర్లిన్ ఇంటిదాకా నములుతూ వచ్చాడు.

ఆదివారం చర్చిలో పుండు మీద కారం చల్లారు. పాస్టరు జెనీవాని నిలబెట్టి అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. బయటికొచ్చాక చర్చి పెద్దల్లో ఒకడైన ముసలి డీకను వర్లిన్ భుజం తట్టి, "ఇంకేం, మీ ఆవిడ లెఫ్టినెంటైతే నువ్వు సెల్యూట్ కొట్టాలి కాబోలు," అన్నాడు. అందరూ నవ్వారు. వర్లిన్ అందరికంటే గట్టిగా నవ్వాడు. దారిలో జెనీవా అతని చెయ్యి పట్టుకుని, నీకు తప్పకుండా వస్తుంది, లేకపోతే వచ్చే ఏడాదికైనా వస్తుంది అంది. ఆ జాలి కంటే డీకను వెక్కిరింతే నయమనిపించింది అతనికి.

ఇక్కడ ఆ ఉద్యోగం కట్టుబాటు ఒకటి చెప్పాలి. డిప్యూటీ రోడ్డు మీద బండి ఆపితే, ఎక్కడ ఆపాడో, ఏ బండో కంట్రోల్ రూముకి చెప్పి కిందికి దిగుతాడు. కొద్ది నిమిషాలు చూసి కంట్రోల్ రూము 'ఓకేనా?' అని అడుగుతుంది. డిప్యూటీ 'ఓకే' అంటాడు. అంతే. మూడుసార్లు అడిగినా జవాబు రాకపోతే, ఆ మనిషి నేలకొరిగాడనే లెక్క. కౌంటీలో ఉన్న ప్రతి డిప్యూటీ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, సైరన్ వేసుకుని అక్కడికి ఉరుకుతాడు. ఎంత చిలిపివాడైనా, ఎంత తాగుబోతైనా, ఆ కట్టుబాటుతో ఆటలాడిన డిప్యూటీ ఆ కొండల్లో పుట్టలేదు. వర్లిన్ దాకా.

ఆ సాయంత్రం ఎండ ఇంకా కొండ శిఖరాల మీదే ఉంది. మలుపు రాకముందే కంట్రోల్ రూముకి చెప్పి, నక్క వాగు మలుపులో వెనక దీపం లేని పాత ట్రక్కుని ఆపాడు వర్లిన్. వేటకుక్కల్ని ఎక్కించుకుని వెళ్తున్న ముసలాడు తెలిసినవాడే. దీపం బాగు చేయించుకోమని చెప్పి పంపించేసి, తిరిగొచ్చి కారులో కూర్చున్నాడు. పని అయిపోయిందని కంట్రోల్ రూముకి చెప్పబోతూ ఉండగా సెట్లో జెనీవా గొంతు వినిపించింది. కౌంటీకి అటు చివర ఏదో తగాదా చూడటానికి వెళ్ళిన కుర్రాణ్ణి అడుగుతోంది.

"ఓకేనా, ట్రేస్?"

ట్రేస్. లెవెన్ కాదు, ట్రేస్. సెట్లో పేర్లు వాడకూడదు. ఇరవై ఏళ్ళలో ఆమె తనని అందులో ఒక్కసారి కూడా వర్లిన్ అని పిలవలేదు. సిక్స్, సిక్స్, సిక్స్. నిన్నగాక మొన్నొచ్చిన కుర్రాడికి పేరు, కట్టుకున్నవాడికి నంబరు.

ఇంకాసేపటికి అతని వంతు వచ్చింది. "సిక్స్, ఓకేనా?"

మైకు చేతిలోనే ఉంది. వేలు నొక్కితే చాలు. నొక్కలేదు. చూద్దాం, అనుకున్నాడు. ఒకసారి నా కోసం గొంతు వణుకుతుందేమో చూద్దాం.

"సిక్స్, ఓకేనా?"

వణకలేదు. అదే గొంతు. కిరాణా కొట్లో చిల్లర అడిగే గొంతు. ఇప్పుడైనా 'ఓకే' అనొచ్చు. అనకుండా పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. మూడోసారి కూడా అలాగే, ఒక్క అక్షరం తడబడకుండా పిలిచింది. ఆ తర్వాత అదే గొంతుతో, సిక్స్ పలకడం లేదు, నక్క వాగు మలుపు, అందరూ వెళ్ళండి అంది. ఒక్కొక్కరే బయల్దేరుతున్నామని చెప్పడం వినిపించింది. అందరికంటే ముందు పలికింది ట్రేస్.

అప్పుడు భయం వేసింది. మైకు నొక్కి 'ఓకే, ఓకే' అన్నాడు. కానీ అప్పటికే అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, అతని మాట ఆ గోలలో కలిసిపోయింది. మళ్ళీ నొక్కి మళ్ళీ చెప్పాడు. ఈసారి ఆమెకి వినిపించింది. అందరినీ ఆగమని చెప్పింది. అందరూ సరేనన్నారు, లెవెన్ తప్ప. వంతెన దగ్గర కంకర మీద ట్రేస్ కారు జారి, పల్టీ కొట్టి, వాగు ఒడ్డున పడి ఉంది.

కుర్రాడు బతికాడు. భుజం ఎముక విరిగింది, కుడి చెయ్యి కట్టులో పడింది. షెరీఫ్ వర్లిన్‌ని పిలిచి ఏం జరిగిందని అడిగాడు. ఆ మలుపులో సెట్ పలకలేదని, కారు కాస్త ముందుకు తీశాకే మాట అందిందని అన్నాడు వర్లిన్. కొండల్లో అలాంటి చోట్లు చాలానే ఉన్నాయి. కంట్రోల్ రూము రికార్డు పుస్తకం తెప్పించి చూశాడు షెరీఫ్. నక్క వాగు మలుపులో సిగ్నల్ అందదు అని జెనీవా రాసి సంతకం పెట్టి ఉంది. షెరీఫ్ తల పంకించి, అక్కడొక టవరు కావాలని కౌంటీ వాళ్ళని అడుగుతానన్నాడు. విషయం అంతటితో ముగిసింది.

తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగాడు వర్లిన్. జెనీవా ఏమీ అడగలేదు. బీన్స్ కూర వండింది, మొక్కజొన్న రొట్టె కాల్చింది, ట్రేస్ వాళ్ళమ్మకి కూడా ఒక గిన్నె పంపింది. నమ్మింది, అనుకున్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరితో పాటే ఇంకో సంగతి తోచింది. కుడి చెయ్యి కట్టులో ఉన్న కుర్రాడు స్టాటిస్టిక్స్ పరీక్ష ఎలా రాస్తాడు? ఛీ, అని తనని తాను తిట్టుకున్నాడు. కానీ ఆ ఆలోచన తిడితే పోయే రకం కాదు. పెరట్లో పిల్లిలా మళ్ళీ మళ్ళీ వచ్చింది.

క్లాసులు మొదలవబోయే వారం ఫ్యూగేట్ ఫోన్ చేసింది. ఒకరు తప్పుకున్నారనీ, సీటు మీదేననీ, రేపు మధ్యాహ్నంలోగా అవునో కాదో చెప్పమనీ అంది. ఎవరు తప్పుకున్నారని అడిగాడు. ఆ వివరం చెప్పకూడదు అంది ఆవిడ. చెప్పక్కర్లేదు లెండి, అనుకున్నాడు వర్లిన్. అక్కడికక్కడే సరే అనేసేవాడే, కానీ ముందు జెనీవాకి ఎదురుగా నిలబడి చెప్పాలనీ, అప్పుడామె మొహం ఎలా ఉంటుందో చూడాలనీ ఉబలాటపడ్డాడు. అంతకంటే ముందు కుర్రాణ్ణి ఒకసారి పలకరించి రావడం ధర్మం అనుకున్నాడు. ధర్మం అంటే అతని దృష్టిలో, తీసుకున్నవాడు పోగొట్టుకున్నవాడికి ఒక యాపిల్ కేకు పట్టుకెళ్ళడం.

ట్రేస్ తన తల్లి ఇంటి వరండాలో, మెడకి వేలాడే కట్టుతో ఊయల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. వర్లిన్‌ని చూసి లేవబోయాడు. వర్లిన్ వద్దని కూర్చోబెట్టి, సీటు విషయంలో చాలా బాధగా ఉందన్నాడు. ఏ సీటు అన్నాడు ట్రేస్. కాలేజీ సీటు, పరీక్ష రాయలేకపోయావు కదా అన్నాడు వర్లిన్.

"రాసేశాను సార్, మొన్ననే. చెయ్యి ఆడదు కదా, నోటితో చెప్పమన్నారు. నేను చెబుతుంటే లెక్కల మేడం రాసుకుంది. పాసయ్యాను." కుర్రాడు నవ్వాడు. "జెనీవా మేడం పుణ్యమే. హాస్పిటల్‌కి వచ్చి మరీ చెప్పింది పాఠాలు. మీకూ సీటొస్తే ముగ్గురం ఒకే కారులో వెళ్ళొచ్చు."

ఆ తర్వాత మరో మాట కూడా అన్నాడు, నెమ్మదిగా, నేల చూపులు చూస్తూ. "ఆ రోజు నేను పడిపోయానని మీరేం మనసులో పెట్టుకోకండి సార్. నేను పలక్కపోతే మీరూ అలాగే వచ్చేవారు."

కేకు ఎక్కడ పెట్టాడో, ఏం చెప్పి లేచాడో వర్లిన్‌కి గుర్తు లేదు. కారెక్కాక కూడా తాళం తిప్పకుండా కూర్చున్నాడు. సీటు పోయింది ట్రేస్‌ది కాదు. మరెవరిది? క్లాసులో ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ తలుచుకున్నాడు. అందరికంటే చివర, ఇక ఎవరూ మిగలని చోట, తన ఇంట్లో మనిషి మిగిలింది.

అతను వెళ్ళేసరికి జెనీవా వెనక మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని పెరటి చిక్కుళ్ళకి నార తీస్తోంది. అతను మెట్ల కింద నిలబడ్డాడు.

"తప్పుకున్నది నువ్వా?"

"ఫోన్ చేశారన్నమాట," అంది తలెత్తకుండా.

"ఎందుకు?"

ఆమె ఇంకో కాయ తీసుకుంది. "చేరే ముందు ఒక సంతకం పెట్టాలి. ఉద్యోగంలో ఎప్పుడూ తెలిసి తెలిసి తప్పుడు రికార్డు రాయలేదు అని. దరఖాస్తుతో పాటు పెట్టినప్పుడు అది నిజమే కాబట్టి కళ్ళు మూసుకుని పెట్టా. చేరేటప్పుడు మళ్ళీ పెట్టమన్నారు. ఈసారి చెయ్యి రాలేదు."

వర్లిన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ రోజుకి ముందు నెల్లో అదే మలుపులో చెట్టు పడిందని నువ్వే పిలిచావు. నీ వెనకాల వాన చప్పుడు కూడా వినపడింది నాకు. అక్కడ సిగ్నల్ అందకపోవడమేంటి?" కాయ నార లాగి గిన్నెలో వేసి అంది, "నిజం రాస్తే నీ ఉద్యోగం పోయేది. అందుకని రాశా. రాసినందుకు నాకేం బాధ లేదు. ఆ సంతకం మాత్రం పెట్టలేను."

షెరీఫ్ దగ్గరికి వెళ్ళి ఇప్పుడే నిజం చెప్పేస్తానన్నాడు వర్లిన్. ఆ మాట అంటున్నప్పుడు అతను నిజంగానే చెప్పాలనుకున్నాడు.

"చెప్పు," అంది ఆమె. "నీకు పలక్కుండా ఉన్నందుకు పోతుంది, నాకు రాసినందుకు పోతుంది. మనిద్దరికీ ఈ కొండల్లో ఇంకో ఉద్యోగం ఎవడిస్తాడు?"

కుడితిలో పడ్డ ఎలుక కూడా కాస్త ఈదుతుంది. వర్లిన్‌కి ఈదే చోటు కూడా కనపడలేదు. ఆమె గిన్నె పక్కన పెట్టి, మొదటిసారి అతని వంక చూసింది.

"ఎందుకు పలకలేదు, వర్లిన్?"

చెప్పకూడదనుకున్నాడు. కానీ చిన్నపిల్లాడి నోట్లోంచి వచ్చినట్టు వచ్చేసింది. "వాణ్ణి పేరు పెట్టి పిలిచావు. నన్నెప్పుడూ సిక్స్ అనే అంటావు."

దూరంగా ఎవరో గడ్డి కోసే యంత్రం నడుపుతున్నారు. అది ఆగి, మళ్ళీ మొదలైంది.

"వాడి పేరు నోరు జారింది. చిన్నపిల్లాడు, తుపాకులున్న ఇంటికి ఒక్కడే వెళ్ళాడు, భయమేసింది," అంది. "నీ పేరు జారనివ్వను. సెట్లో నీ పేరు పలికితే నా గొంతు నిలబడదు. నా గొంతు నిలబడకపోతే నీకు సాయం వెళ్ళదు. ఆ రోజు మూడోసారి పిలిచేటప్పుడు బల్ల అంచు ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, గోరు విరిగింది."

ఇంకొకడైతే అక్కడ మెట్ల మీద కూలబడి ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చేవాడు. వర్లిన్‌కీ ఏడుపొచ్చింది. సిగ్గూ వచ్చింది. కానీ ఆ రెండింటి కంటే ముందు, ఒక్క క్షణం ముందు వచ్చింది మాత్రం అసూయే. ఇందులోనూ నాకంటే ముందే ఉంది అనుకున్నాడు. వ్యాసంలో గెలిచింది, లెక్కల్లో గెలిచింది, ఆఖరికి అబద్ధమాడటంలో కూడా తన కోసం కాకుండా ఇంకొకరి కోసం ఆడి గెలిచింది. తను ఎంత చదివినా, ఏ కుర్చీలో కూర్చున్నా, ఈ మనిషి కంటే ఎత్తు కాలేడు. అది తెలిశాక కూడా ఆ కుర్చీ కావాలనే ఉంది అతనికి.

జెనీవాకి అదంతా అతని మొహంలో కనపడిందో లేదో. గిన్నె మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"వాళ్ళకి ఏం చెప్పావు?"

"ఇంకా ఏమీ చెప్పలేదు. రేపు మధ్యాహ్నం దాకా టైముంది."

"చేరతావా మరి?" అంది. కోపంగా అనలేదు. సెట్లో అడిగినట్టే, మామూలుగా అడిగింది.

చేరననడానికే అతను నోరు తెరిచాడు.

"క్లాసులు సోమవారం నుంచి," అన్నాడు.